మెరికల వంటి పిల్లల చదువు: తరగతి దాటింపవచ్చునా?

మార్కాపురపు పలకను ఎరుగని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. పశ్చిమ ప్రకాశపు నేలలో దొరకు రాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, చుట్టును కొయ్యచట్రము బిగించి దేశములోని బాలబాలికల చేతికిచ్చిన ప్రాంతమిది. పలక అందరికిని ఒక్కటే. దానిమీద వ్రాయు చేయి మాత్రము ఒక్కటి కాదు. ఒక బిడ్డ ఒక అక్షరమును పది దినములు దిద్దును. మరియొక బిడ్డ రెండు దినములలో దిద్ది, చెరిపి, తరువాతి అక్షర మేదని అడుగును. అట్లడిగిన బిడ్డకు బడి ఏమని చెప్పవలెను? అందరును వచ్చువరకు ఆగుమని చెప్పవలెనా? లేక పై తరగతికి పొమ్మని చెప్పవలెనా? ఈ ప్రశ్నను గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

పొదిలి చుట్టుపట్ల ఒక పల్లెను తలచుకొందము. అచ్చట ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలిక యున్నదనుకొందము. తండ్రి కౌలునేలలో పొగాకును, కందిని పండించును. ఆకు కోతల కాలములో తల్లి కూలికి పోవును. ఈ బాలిక తన అక్కగారి తొమ్మిదవ తరగతి గణిత పుస్తకమును తీసి, ఎవరును చెప్పకయే లెక్కలు చేయుచున్నది. ఉపాధ్యాయుడు ఆ సంగతి గమనించి తండ్రిని పిలిపించెను. తండ్రి విని, "అయ్యవారూ, అంత చురుకైన పిల్లయితే ఎనిమిది దాటించి తొమ్మిదిలో కూర్చోబెట్టగూడదా? మాకు ఒక ఏడు కలిసొస్తుంది గదా" అనెను.

ఆ మాటలో దురాశ లేదు. ఒక ఏడు కలిసివచ్చుట యనగా కౌలురైతు ఇంట ఒక ఏటి ఖర్చు తగ్గుట. ఆడపిల్లను ఎంతవరకు చదివింతురో తెలియని ఇంట, పెండ్లిమాట రాకముందే ఒక మెట్టు పైకెక్కుట. కనుక తండ్రి ప్రశ్నను కొట్టివేయరాదు. దానికి సరియైన సమాధానము వెదకవలెను.

తరగతి దాటించుట మనకు కొత్త కాదు. డబుల్ ప్రమోషను అను మాట మన పెద్దల నోట విననివారుండరు. ఆ రోజులలో ప్రధానోపాధ్యాయుని మాటయే దానికి ఆధారము. బిడ్డ బాగుగ చదివినచో దాటించిరి, లేనిచో లేదు. ఎవరికి ఆ దాటింపు మేలుచేసినదో, ఎవరికి చేయలేదో లెక్కపెట్టి చూచినవారు తక్కువ. ఆ లెక్కను ఇతర దేశములలో కొందరు ఓపికతో చూచిరి. వారు నేర్చిన పాఠములను మొదట చెప్పుకొందము.

అమెరికాలో విలియం జేమ్స్ సిడిస్ అను బాలుడు 1909లో, పదునొకండేండ్ల ప్రాయమున, హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చేరెను. పత్రికలు అతనిని వెంటాడెను. పెద్దవాడైన పిదప అతడు లోకమునకు దూరముగ, చిన్న ఉద్యోగములు చేసికొనుచు జీవించెను. అతని కథను చూపి, చిన్నప్పుడు పరుగెత్తించినచో బిడ్డ చెడిపోవునని చాలకాలము చెప్పుచుండిరి. కాని ఒక్కని బ్రతుకును బట్టి అందరికిని సూత్రము కట్టుట సరికాదు. దీనికి ఎదురుగ నిలుచు ఉదాహరణమును కలదు. వేలూరులో పుట్టి అమెరికాలో పెరిగిన అంబటి బాలమురళి పదునొకండేండ్లకు ఉన్నత పాఠశాల చదువును, పదమూడేండ్లకు న్యూయార్క్ విశ్వవిద్యాలయపు పట్టమును ముగించి, 1995లో పదునేడేండ్లకే వైద్యుడయ్యెను. ఆయన తరువాత కంటివైద్యమున నిలదొక్కుకొని అధ్యాపకుడును అయ్యెను. ఒకరు దెబ్బతినిరి, ఒకరు రాణించిరి. కనుక అసలు ప్రశ్న, వేగము మంచిదా చెడ్డదా అనునది కాదు. ఏ బిడ్డకు, ఏ విధమైన వేగము, ఏ తోడ్పాటుతో అనునది.

ఈ ప్రశ్నను శాస్త్రీయముగ చేపట్టినవారిలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జూలియన్ స్టాన్లీ ముఖ్యుడు. ఆయన 1971లో గణితమున మెరికలైన బాలబాలికలను గూర్చి అధ్యయనము ప్రారంభించెను. మరుసటి యేట, పదునేడేండ్లవారు కళాశాల ప్రవేశమునకై వ్రాయు గణిత పరీక్షను పండ్రెండు, పదమూడేండ్ల పిల్లలచేత వ్రాయించెను. ఎందుకనగా, తమ తరగతి ప్రశ్నపత్రములో నూటికి నూరు తెచ్చుకొన్న పిల్లలందరును ఒక్కటిగనే కనబడుదురు. వారిలో ఎవడు తరగతికి సరిపోయినవాడో, ఎవడు మూడు తరగతులు దాటినవాడో ఆ పత్రము చెప్పజాలదు. మూరెడు కర్రతో తాటిచెట్టును కొలువలేము గదా. పై తరగతి పత్రము నిచ్చినప్పుడే అసలు ఎత్తు తెలియును.

తదుపరి ఏండ్లలో జరిగిన పరిశోధనల సారమును 2004లో అయోవా విశ్వవిద్యాలయము ఒక నివేదికగ ప్రచురించెను. అందు వేగపు చదువులో పదునెనిమిది రకములు కలవని లెక్కించిరి. తరగతి దాటించుట వానిలో ఒక్కటి మాత్రమే. ఒక్క విషయములో మాత్రము పై తరగతి పాఠము వినుట, రెండేండ్ల పాఠమును ఒక్క ఏట ముగించుట, ఉన్నత పాఠశాలలో నుండియే కళాశాల పాఠమునకు హాజరగుట మొదలగునవి తక్కినవి. శ్రద్ధగ ఎంపిక చేసినప్పుడు ఇట్టి పిల్లలు చదువులో వెనుకబడలేదనియు, స్నేహములలో నష్టపోవుదురను భయము సాధారణముగ నిజము కాలేదనియు ఆ నివేదిక తేల్చెను. చైనా దేశమున 1978లో ఒక విజ్ఞానశాస్త్ర విశ్వవిద్యాలయము, చిన్నవయసు పిల్లలకు ప్రత్యేకమైన తరగతినే తెరచెను. వేగము కొందరికి నిజముగ మేలు చేయును. ఈ సంగతిని మేము దాచము.

ఇక మన యింటికి వత్తము. చురుకైన గ్రామీణ బాలురకు ప్రత్యేకమైన బడి కావలెనను ఆలోచన మన రాష్ట్రమున 1971లోనే ఆచరణకు వచ్చినది. పి.వి. నరసింహారావుగారి కాలమున, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వెలసెను. మరుసటి యేట, 1972లో, కోస్తా జిల్లాలకు గుంటూరు జిల్లా తాడికొండలోను, రాయలసీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలోను అట్టి బడులే తెరచిరి. పొదిలి తాలూకా నెల్లూరు జిల్లానుండియు, మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండియు విడివడి, 1970 ఫిబ్రవరిలో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరి అప్పటికి రెండేండ్లే అయినది. ఆ జిల్లాయే 1972లో ప్రకాశం జిల్లాయైనది.

1986 నాటి జాతీయ విద్యావిధానము ఇంకొక అడుగు ముందుకు వేసెను. ప్రత్యేక ప్రతిభగల పిల్లలు, వారి తల్లిదండ్రుల చెల్లింపు శక్తితో నిమిత్తము లేకుండ, మంచి చదువు పొంది వేగముగ ముందుకు పోవు అవకాశము కలుగవలెనని ఆ విధానము చెప్పినది. దాని ఫలమే నవోదయ విద్యాలయములు. ఒంగోలులో మన జిల్లా నవోదయ కలదు. ప్రవేశము ఆరవ తరగతిలో. చదువు, వసతి, భోజనము ఉచితము. సీట్లలో నూటికి 75కు తక్కువ కాకుండ పల్లెపిల్లలకు, మూడవవంతు బాలికలకు కేటాయింపు కలదు. ప్రవేశ పరీక్షను తెలుగులోనే వ్రాయవచ్చును.

2008లో వెలసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును కూడ ఈ వరుసలోనే చెప్పవలెను. జనము దానిని ట్రిపుల్ ఐటీ అని పిలుచుచున్నారు. ఇడుపులపాయ, నూజివీడు ప్రాంగణములకు తోడుగ 2016లో ఒంగోలు పేరిట ఒకటి, శ్రీకాకుళమునకు ఒకటి ఏర్పడెను. పదవ తరగతి ముగిసిన గ్రామీణ విద్యార్థులను మార్కులను బట్టి ఎన్నుకొని, ఆరేండ్ల చదువులో ఇంజనీరును చేయుదురు. ఎంపికలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కొంత అదనపు విలువ చేర్చుదురు.

ఇచ్చట పాఠకులు ఒక విశేషమును గమనింపవలెను. ఈ సంస్థలలో ఏదియు ఏండ్లను తగ్గించునది కాదు. నవోదయలో ఆరునుండి పండ్రెండు వరకు ఏడు తరగతులకు ఏడేండ్లే. ట్రిపుల్ ఐటీ ఆరేండ్లనగా, ఇంటర్మీడియటు రెండేండ్లు, ఇంజనీరింగు నాలుగేండ్లు కలిపినదే. మన దేశము చురుకైన పేద బిడ్డకు ఇచ్చినది తక్కువ కాలము కాదు. మంచి ఉపాధ్యాయుడు, మంచి సహవాసము, కడుపునిండ అన్నము, నిశ్చింతగ చదువుకొను చోటు. పల్లెలో పుట్టిన మెరికకు కొరతపడినవి అవియే. పట్టణములో కలిగిన ఇంటి బిడ్డకు అవన్నియు ముందే యుండును గనుక, వానికి మిగిలిన కోరిక వేగ మొక్కటే కావచ్చును. ఈ తేడాను మరచి, ఒకరి మందును మరియొకరికి పోయరాదు.

ఇప్పుడు మన బాలిక తండ్రి అడిగిన లెక్కను చూతము. ఎనిమిదవ తరగతి దాటించినచో ఒక ఏడు కలిసివచ్చునని ఆయన తలంపు. కాని పోవున దేమో చూడవలెను. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో ఎనిమిదవ తరగతి చదువుచున్న పిల్లలకు జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష జరుగును. 2008లో మొదలైన పథకమిది. తల్లిదండ్రుల వార్షికాదాయము 3,50,000 రూపాయలు మించని పిల్లలు దానికి అర్హులు. ఎన్నికైనవారికి తొమ్మిదినుండి పండ్రెండవ తరగతి వరకు ఏటికి 12,000 రూపాయలు, అనగా నాలుగేండ్లకు 48,000 రూపాయలు లభించును. ఎనిమిదవ తరగతిలో కూర్చుండని బాలికకు ఆ పరీక్ష లేదు. ఆరవ తరగతిలో నవోదయ దక్కనివారికి, తొమ్మిదవ తరగతిలో ఖాళీలున్నచో చేరుటకు మరియొక పరీక్ష కలదు. అదియు ఎనిమిదవ తరగతి చదువుచున్నవారికే. ఒక తరగతి దాటినచో ఈ రెండు తలుపులును ఒక్కసారిగ మూతపడును. పైగా 1963లో మొదలై ఏండ్ల తరబడి నడచిన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తరువాత నిలిచిపోయినది. ఉన్న మెట్లే కొద్ది; వానిని చేజేతుల పోగొట్టుకొనరాదు.

చిన్న తరగతులలో నష్టము ఇంకను దగ్గరగ నుండును. నవోదయ ఆరవ తరగతి పరీక్షకు కూర్చుండు బిడ్డ మూడు, నాలుగు, అయిదు తరగతులలో ఒక్కొక్కదానిని పూర్తి విద్యాసంవత్సరము చదివి యుండవలెనను నియమము కలదు. వయసునకును హద్దులు కలవు. ముచ్చటపడి మూడునుండి అయిదుకు దాటించిన బిడ్డకు, తరువాత ఆ ముచ్చటయే అడ్డుగోడ యగును.

పై చివర కూడ ఒక గేటు కలదు. మన రాష్ట్రమున పదవ తరగతి పరీక్షకు పద్నాలుగేండ్లు నిండవలెనందురు. కొద్ది లోటును మినహాయించు వీలు నిబంధనలలో నున్నది. కాని వైద్యవిద్య ప్రవేశపరీక్షయైన నీట్‌కు, ప్రవేశపు సంవత్సరము డిసెంబరు 31 నాటికి పదునేడేండ్లు నిండి తీరవలెను. అంబటి బాలమురళి వైద్యుడై వెలుపలికి వచ్చిన వయసులో, మన బిడ్డ వైద్యకళాశాల గుమ్మము తొక్కుటకే అర్హత పొందును. డాక్టరు కావలెనను బాలిక ఒక తరగతి దాటి పరుగెత్తి, ఆ గుమ్మమువద్ద ఒక ఏడు ఊరక కూర్చుండవలసి వచ్చినచో, ఆ పరుగువలన ఫలమేమి?

అట్లయిన ఆ బాలికను ఎనిమిదవ తరగతిలో, తెలిసిన లెక్కలనే మరల చేయించుచు కూర్చోబెట్టవలెనా? అదియు తప్పే. తెలిసినదానిని మరల మరల వినవలసిన బిడ్డ మొదట విసుగుకొనును, తరువాత అల్లరిచేయును, చివరకు కష్టపడు అలవాటునే కోలుపోవును. ఎనిమిదేండ్లు ప్రయత్నము లేకయే మొదటి ర్యాంకు తెచ్చుకొన్న బిడ్డ, ఇంటర్మీడియటులో మొదటిసారి నిజమైన కష్టము ఎదురైనప్పుడు తనకు తెలివియే లేదని క్రుంగిపోవుట ఉపాధ్యాయులు ఎరిగినదే. చురుకైన బిడ్డకును ప్రతిదినము కొంత కష్టమైన పని కావలెను. అది ఆ బిడ్డ హక్కు.

మధ్యమార్గ మొకటి కలదు. బిడ్డ పేరు తన తరగతి రిజిస్టరులోనే యుండవలెను. బిడ్డ మాత్రము తాను మించిన విషయములో పై తరగతి పాఠము వినవలెను. మన జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో ఆరునుండి పది వరకు తరగతులు ఒక్క ఆవరణలోనే యుండును. ఏడవ తరగతికిని తొమ్మిదవ తరగతికిని గణితపు పీరియడు ఒక్క వేళకు వచ్చునట్లు టైంటేబిలు వేసినచో, ఆ బాలిక గణితమునకు పై తరగతిలో కూర్చుండి, తెలుగునకు, సాంఘికమునకు తన ఈడువారితో కూర్చుండగలదు. దీనికి కొత్త భవనము అక్కరలేదు, కొత్త నిధి అక్కరలేదు. ప్రధానోపాధ్యాయుని సమ్మతి, ఇద్దరు ఉపాధ్యాయుల అంగీకారము చాలును. అట్టి వీలు లేని చోట, పై తరగతి పుస్తకమును చేతికిచ్చి, వారమున కొకనాడు అరగంట కూర్చుండి చూచు ఉపాధ్యాయు డొకడున్నను మేలే. దగ్గరి శాఖా గ్రంథాలయములో పేరు చేర్పించుటయు అట్టిదే.

పూర్తిగ తరగతి దాటించుటయే తగినదను బిడ్డలును అరుదుగ నుందురు. అట్టప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మా సలహా. ఒక్క గణితములోనే గాక, భాషతో సహా అన్ని విషయములలోను బిడ్డ పై తరగతి పత్రమును చక్కగ వ్రాయుచున్నదా? దాటవలెనను కోరిక బిడ్డదా, పెద్దలదా? చేర్చుకొను తరగతి ఉపాధ్యాయుడు ఇష్టముతో చేర్చుకొనుచున్నాడా? దాటుటవలన పోవు పరీక్షలు, ఉపకార వేతనములు ఏవో ముందుగ లెక్క చూచితిమా? నాలుగింటికిని తృప్తికరమైన సమాధానము వచ్చినను, మొదట ఒక టెర్ము పరీక్షగ కూర్చోబెట్టి చూడవలెను. వెనుకకు వచ్చుట అవమానము కాదని బిడ్డకు ముందే చెప్పవలెను.

వేగము పేరిట జరుగు వేరొక పనిని కూడ ఇచ్చట చెప్పక తప్పదు. ఆరవ తరగతినుండియే పెద్ద ప్రవేశపరీక్షలకు పునాది యనుచు, ఇంటర్మీడియటు పాఠములను చిన్నపిల్లల తలల కెక్కించు తరగతులు పట్టణములలో బయలుదేరినవి. చేరిన అందరికిని ఒక్కటే పాఠము, ఒక్కటే వేగము. బిడ్డ స్తోమతను కొలిచి వేయు అడుగు కాదది. ఫీజు కట్టినవారి నందరిని ఒకే త్రోవన తరుముట. చురుకైన బిడ్డకు దానివలన లోతు రాదు. సామాన్యమైన బిడ్డకు నిద్ర కరవగును. అప్పుచేసి బిడ్డను అందు చేర్పింపబోవు తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచింపవలెనని కోరుచున్నాము.

చివరి మాట. మెరికలను గుర్తించుటలో మనము మార్కుల పట్టికను మాత్రమే చూతుము. వానలు లేని ఏడు పశ్చిమ ప్రకాశపు పల్లెలనుండి కుటుంబములు కూలికై వలసపోవును. వారితో పోయిన బిడ్డకు హాజరు లేదు, మార్కులు లేవు. పొగాకు పనుల రోజులలో తమ్ముని ఎత్తుకొని ఇంట నిలిచిన ఆడపిల్ల ఎవరి కంటను పడదు. ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నవారే కాదు, ఎక్కువ ప్రశ్నలడుగువారు, చెప్పిన దారిని విడిచి తమ దారిన లెక్క చేయువారు, అంగడిలో చిల్లరను మనసులోనే కూడువారు కూడ పరీక్షించి చూడదగినవారు. 2020 నాటి జాతీయ విద్యావిధానము, ఇట్టి పిల్లలను గుర్తించి ప్రోత్సహింపవలెననియు, ఉపాధ్యాయ శిక్షణలో దానికి చోటు కల్పింపవలెననియు చెప్పినది. అది కాగితమునుండి బడికి వచ్చువరకు, మొదట గుర్తింపవలసినవారు ఇంటివారును, ఊరి ఉపాధ్యాయుడును.

మన బాలిక తండ్రికి ఉపాధ్యాయుడు చెప్పదగిన సమాధానము ఇప్పుడు తెలిసినది. "రైతుగారూ, ఎనిమిది దాటించవద్దు. మీ అమ్మాయి లెక్కలకు తొమ్మిదిలో కూర్చుంటుంది. ఆ బాధ్యత మాది. ఎనిమిదిలో ఉపకార వేతనం పరీక్షకు, నవోదయ పరీక్షకు మేమే దరఖాస్తు పెట్టిస్తాం. మీరు చేయవలసింది ఒక్కటే: ఆకు కోతల రోజుల్లో కూడా పిల్లను బడి మాన్పించవద్దు." తండ్రి ఆ ఒక్క మాట నిలుపుకొన్నచో, కలిసివచ్చునది ఒక్క ఏడు కాదు; ఆ బిడ్డ బ్రతుకంతయు.